కాలియా ఎప్పుడు జోకర్ అయ్యాడు



పోయిన వారం మన గ్రూపులో ఒక మాట నడిచింది కదా, మన పిల్లల కోసం మన భాషలో చిన్న చిన్న కార్టూన్లు చేసి యూట్యూబ్‌లో పెడదామని. బొమ్మలు వేసేవాళ్ళు ఇద్దరు దొరికారు. గొంతు ఇస్తామని చాలామంది ముందుకొచ్చారు. కథ రాసే పని నా మీద పడింది. మొదటి కథ రాశాను. రాసి రెండు రోజులు పక్కన పెట్టి మళ్ళీ చదివితే నాకే నచ్చలేదు. ఎందుకు నచ్చలేదా అని వెతుక్కుంటూ పోతే ఛోటా భీమ్ దగ్గర తేలాను. ఆ సంగతే ఇది. పోస్టు పెద్దదే, మెస్సు లైన్లో నిలబడి చదువుకోండి.

ముందు నా పేరు గురించి చెప్పాలి. మాది చింతూరు వైపు ఒక కోయ గూడెం. మూడో తరగతిలో నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఇనుప పెట్టె, దుప్పటి, పళ్ళెం, గ్లాసు. నాన్న గేటు దాకా వచ్చి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. అక్కడ డైనింగ్ హాల్లో ఒక టీవీ ఉండేది. ఆదివారం పొద్దున పెట్టేవాళ్ళు. కరెంటు ఉంటేనే, డిష్‌కి రీఛార్జ్ ఉంటేనే. ఆ టీవీలో మేం చూసింది ఎక్కువగా ఛోటా భీమే. మాకు వచ్చేది హిందీలో. నాకు అప్పటికి తెలుగే సరిగ్గా రాదు, ఇంక హిందీ ఎక్కడిది. అయినా అర్థమయ్యేది. ఆకలి, అలక, అసూయ, భయం. వీటికి భాష పెద్దగా అక్కర్లేదు కదా.

నేను హాస్టల్‌లో అన్నం ఎక్కువ తినేవాణ్ణి. రెండోసారి పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడితే వంట అవ్వ నవ్వేది. పైగా మా బ్యాచ్‌లో అందరికంటే నల్లగా ఉండేవాణ్ణి. ఏడో తరగతి అన్నలు నాకు 'కాలియా' అని పేరు పెట్టారు. ఆ పేరుకి అర్థం నల్లోడు అని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. అప్పుడు మాత్రం, మీరు నమ్మరు గానీ, నాకు గర్వంగా ఉండేది. ఎందుకంటే అప్పటి కాలియా అలాంటోడు.

చిన్నప్పుడు చూడనివాళ్ళు మనలో ఉండరు గానీ, మర్చిపోయినవాళ్ళ కోసం ఒకసారి చెప్తా. ఛోటా భీమ్ 2008 ఏప్రిల్‌లో పోగో ఛానెల్లో మొదలైంది. చేసింది మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్, దాన్ని పెట్టినాయన రాజీవ్ చిలక. ఢోలక్‌పూర్ అని ఒక చిన్న రాజ్యం. రాజు ఇంద్రవర్మ, ఆయన కూతురు ఇందుమతి. తొమ్మిదేళ్ళ భీమ్, చుట్కీ, బుడ్డోడు రాజు, మాట్లాడే కోతి జగ్గు. చుట్కీ వాళ్ళమ్మ టున్‌టున్ లడ్డూలు అమ్ముతుంది. భీమ్ కళ్ళు ఎప్పుడూ ఆ లడ్డూల మీదే. అవతల పక్క కాలియా, వాడి వెనక కవలలు ఢోలు, భోలు. ఒక్కో కథ పదకొండు నిమిషాలు.

నాకు ఆ ఊరు నచ్చింది. అంతకు ముందు టీవీలో చూసిన పిల్లలందరూ బిల్డింగుల్లో ఉండేవాళ్ళు. ఢోలక్‌పూర్‌లో మట్టి దారులు, చెట్లు, ఊరి పక్కనే అడవి. చొక్కా లేకుండా తిరిగే పిల్లాడు హీరో. మా గూడెం కాదు గానీ మా గూడేనికి చుట్టం అనిపించేది.

ఆ ఊళ్ళో కాలియా విలన్ కాదు. ఇదే నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. వాడు భీమ్ కంటే పెద్దోడు, పొడుగు, బలం ఉంది. కానీ ఊళ్ళో అందరూ భీమ్ భీమ్ అంటారు. వాడి బాధ అది. నన్ను కూడా ఒకసారి మెచ్చుకోండ్రా అని వాడి లోపల ఉంటుంది. అందుకే పందెం కడతాడు, పథకం వేస్తాడు, కొన్నిసార్లు గెలిచేలాగే కనిపిస్తాడు. చివర్లో పథకం తిరగబడుతుంది. నిజంగా పెద్ద ఆపద వచ్చినప్పుడు, దొంగలో రాక్షసుడో వచ్చినప్పుడు, వణుక్కుంటూనే భీమ్ పక్కన నిలబడిన రోజులూ ఉన్నాయి. హాస్టల్‌లో కాలియా అని పిలిస్తే నేను మురిసిపోయింది అందుకే. నేను కూడా మంచోణ్ణి కాదు, చెడ్డోణ్ణి కాదు, తిండిపోతుని, కొంచెం కుళ్ళుమోతుని, ఎవరైనా మెచ్చుకుంటే బాగుండు అనుకునేవాణ్ణి.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అదే పేరు తిట్టు అయిపోయింది. కొత్తగా చేరిన చిన్నపిల్లలు 'కాలియా, కాలియా' అని అరిచి పరిగెత్తేవాళ్ళు. నేను మారలేదు, అదే పిల్లాణ్ణి. టీవీలో కాలియా మారిపోయాడు. వాళ్ళు చూస్తున్న కాలియా వచ్చి బురదలో పడతాడు, ఏడుస్తాడు, పారిపోతాడు, అందరూ నవ్వుతారు, కథ అయిపోతుంది. ఎందుకు అసూయ పడుతున్నాడో, పడిపోయాక వాడికి ఏమనిపించిందో కథకి అక్కర్లేదు. ఒకరోజు నేను ఒక నాలుగో తరగతి పిల్లాణ్ణి కొట్టాను కూడా. తర్వాత సిగ్గేసింది. వాడి తప్పేముంది, వాడికి తెలిసిన కాలియా వాడు.

ఇది చెప్తే మా రూమ్మేట్ ఒప్పుకోలేదు. "సీరియల్ ఏం మారలేదురా, నువ్వు పెద్దోడివయ్యావ్ అంతే" అన్నాడు. న్యాయమైన మాటే. అందుకే దసరా సెలవులకి వెళ్ళేముందు కాలేజీ వైఫైలో పాతవి కొన్ని, బాగా తర్వాత వచ్చినవి కొన్ని దించుకుని వెళ్ళాను. మా గూడెంలో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి, అందుకే దించుకోవడం. మా తమ్ముడికి ఎనిమిదేళ్ళు. వాడికి ఏది పాతదో ఏది కొత్తదో చెప్పకుండా కలిపి చూపించాను. పాతవి చూసేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని "అన్నా, ఇప్పుడేమవుద్ది?" అని అడిగాడు. తర్వాతి వాటిల్లో రెండు చూశాడు. మూడోది సగంలో ఉండగానే "ఇప్పుడు చుట్కీ లడ్డూ ఇసురుద్ది, భీమ్ తింటాడు, కొడతాడు" అని చెప్పేసి మేకల దగ్గరికి పోయాడు. అలాగే జరిగింది. వాడు పెద్దోడైపోలేదు కదా.

ఆ లడ్డూ సంగతి కూడా చూడండి. మొదట్లో లడ్డూ అంటే తిండి. భీమ్‌కి అది కావాలి, టున్‌టున్ అమ్మ ఇవ్వదు, వాడు దొంగచాటుగా తింటాడు, గొడవ అవుతుంది. తిండి చుట్టూ ఒక ఇల్లు, ఒక కొట్టు, ఒక తల్లి కోపం ఉన్నాయి. రాను రాను లడ్డూ బ్యాటరీ అయిపోయింది. ఓడిపోయేలా ఉన్నాడా, లడ్డూ వెయ్, ఫుల్ ఛార్జ్. అది ఎవరు చేశారు, ఎవరు అడిగారు, మిగిలినవాళ్ళకి ఉందా లేదా, ఏమీ లేదు. హాస్టల్‌లో ఆదివారం చికెన్ ముక్కల లెక్క మీద ఎంత కథ నడుస్తుందో మీకు తెలుసు. తిండి అంత పెద్ద విషయం. దాన్ని బటన్‌లా వాడేస్తే కడుపు మండదా.

అలాగని ఒకటే కథ మళ్ళీ మళ్ళీ చెప్పడం తప్పని నేననను. టామ్ అండ్ జెర్రీ చూడండి. హన్నా, బార్బెరా ఇద్దరూ కలిసి 1940 నుంచి 1958 దాకా 114 చిన్న సినిమాలు చేశారు. అన్నిట్లోనూ పిల్లి ఎలుక వెనక పరిగెత్తడమే. బోర్ కొట్టదు. ఎందుకంటే ప్రతిసారీ టామ్ ఎలా ఆలోచించాడో, ఎంత ఆశపడ్డాడో, దెబ్బ ఎక్కడ తగిలిందో ముఖం మీద కనిపిస్తుంది. అప్పుడప్పుడూ జెర్రీ ఓడిపోతాడు కూడా. 1975లో టీవీ కోసం కొత్తగా చేసినప్పుడు ఏం చేశారంటే, టీవీలో కొట్టుకోవడం తగ్గించాలని టామ్‌నీ జెర్రీనీ స్నేహితుల్ని చేసేశారు. ఇద్దరూ కలిసి ఊళ్ళు తిరుగుతారు, పోటీల్లో పాల్గొంటారు. బొమ్మలు అవే, పేర్లు అవే. వెంటపడటం పోయింది, దాంతో అంతా పోయింది. ఓడిపోయేవాడి ఆశ తీసేస్తే హీరో ఒక్కడే మిగులుతాడు, చూడ్డానికి ఏమీ ఉండదు.

భీమ్ విషయంలో అది ఒక్కరోజులో జరగలేదు. సీరియల్ బాగా ఆడింది. ఆడింది కాబట్టి పెద్దదైంది. 2012లో 'దమ్యాన్ శాపం' కథతో థియేటర్‌లో సినిమా వచ్చింది. 2013లో బాలి ద్వీపం వెళ్ళారు. 2016లో హిమాలయాలు. 2019లో చైనా వెళ్ళి కుంగ్‌ఫూ. ఇంకో పక్క 2011లోనే రాజుకి వేరే సీరియల్ పెట్టారు, 'మైటీ రాజు'. అందులో రాజు ఢోలక్‌పూర్ బుడ్డోడు కాదు, ఆర్యానగర్ అనే సిటీలో సైంటిస్టు కొడుకు, పుట్టుకతోనే సూపర్ పవర్. తర్వాత భీమ్ కూడా 'సూపర్ భీమ్' అయి ఆకాశంలో ఎగిరాడు.

నాకు బాలి సినిమా అప్పట్లో భలే నచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు వరసలో పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తోంది. ప్రతిసారీ రాక్షసుడు పెద్దోడవుతాడు, దేశం దూరమవుతుంది, భీమ్ బలం పెరుగుతుంది. ఢోలక్‌పూర్ మాత్రం చిన్నదవుతూ వచ్చింది. లోకాన్నే కాపాడినోడు తిరిగొచ్చి ఊళ్ళో మామిడికాయల తగువు తీరుస్తానంటే ఎవరు నమ్ముతారు? అంత పెద్ద రాక్షసుణ్ణి కొట్టినోడి ముందు కాలియా పందెం కట్టడమే జోక్ అయిపోతుంది. కాలియాని కావాలని ఎవరూ దిగజార్చలేదేమో. భీమ్‌ని పెంచుకుంటూ పోయారు, వాడు దానంతట అదే దిగిపోయాడు. క్లాసులో ఒక్కణ్ణే ఎప్పుడూ ముందు బెంచీలో కూచోబెట్టి మెచ్చుకుంటే మిగిలిన అందరం మొద్దులమైపోయినట్టు.

ఇంకో కారణం కూడా ఉందనిపిస్తుంది. పెద్దవాళ్ళ సీరియల్ చెడిపోతే చూసేవాళ్ళు తిడతారు, మానేస్తారు. పిల్లల సీరియల్‌కి ఆ భయం లేదు. నాలుగైదేళ్ళకి ఒక బ్యాచ్ వెళ్ళిపోయి కొత్త బ్యాచ్ వస్తుంది. కొత్తోళ్ళకి ఇంతకు ముందు ఎంత బాగుండేదో తెలీదు. మా హాస్టల్ నాలుగో తరగతి పిల్లలకి తెలీనట్టే. పోల్చి చూసే వయసు వచ్చేసరికి మనం ఛానెల్ మార్చేసి ఉంటాం. మధ్యలో బ్యాగులు, బాటిళ్ళు, పెన్సిల్ బాక్సుల మీద భీమ్ బొమ్మ ఉంటే చాలు, లోపల కథ ఎలా ఉందో అడిగేవాడు లేడు. నాకూ ఆరో తరగతిలో భీమ్ బొమ్మ ఉన్న కంపాస్ బాక్స్ ఉండేది, సంతలో మా అమ్మ కొనిపెట్టింది. కాలియా బొమ్మది కావాలని అడిగాను. అలాంటిది లేదన్నాడు కొట్టాయన.

2020 జూన్‌లో లాక్‌డౌన్‌లో గుర్తుందా, భీమ్ చుట్కీని కాకుండా ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని, చుట్కీకి న్యాయం కావాలని ఆన్‌లైన్‌లో గోల చేశారు. వాళ్ళు ఇంకా పిల్లలే, పెళ్ళేంటి అని చివరికి కంపెనీ వాళ్ళే చెప్పుకోవాల్సి వచ్చింది. నవ్వులాటే అనుకోండి. కానీ నాకు అందులో ఒకటి నచ్చింది. పెద్దోళ్ళైపోయిన మన వయసు వాళ్ళు అంతమంది ఒక పక్క పాత్ర కోసం కొట్లాడారు. భీమ్ గెలుస్తాడా లేదా అని ఎవరికీ బెంగ లేదు. చుట్కీకి అన్యాయం జరిగిందని బెంగ. ఎక్కడో అందరికీ తెలుసన్నమాట, కథ ఎవరి దగ్గరుందో.

అదే 2019లో గ్రీన్ గోల్డ్ వాళ్ళే నెట్‌ఫ్లిక్స్ కోసం 'మైటీ లిటిల్ భీమ్' చేశారు. భీమ్ ఇంకా పాకే పాపడు, మాటలు రావు. సీరియల్ మొత్తంలో డైలాగులే లేవు. మా రూమ్మేట్ ఫోన్‌లో చూశాను. ఏముంటుంది అందులో? పాపడికి ఒక తినే వస్తువు కావాలి, అది ఎత్తులో ఉంది. అంతే. లోకం మునిగిపోదు. రాక్షసుడు రాడు. కానీ నేను మళ్ళీ డైనింగ్ హాల్లో కింద కూచున్న మూడో తరగతి పిల్లాణ్ణి అయిపోయాను. లడ్డూ మళ్ళీ లడ్డూ అయింది. బలం అంతే ఉంది వాడికి, కానీ దాంతో పని చెడగొట్టుకోవడం కూడా ఉంది. 2024లో మాత్రం మనుషులతో సినిమా తీశారు, అదీ మళ్ళీ 2012 నాటి దమ్యాన్ కథే.

ఇదంతా సిటీలో వాళ్ళు చేసుకునే వ్యాపారం, మనకెందుకు అనొచ్చు. మనకెందుకో చెప్తా. సినిమాల్లో, కార్టూన్లలో అడవి మనుషులు వచ్చే సీన్లు మీరందరూ చూసినవే. ఆకులు కట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని, అర్థం లేని అరుపులు అరుస్తూ హీరోని కట్టేసి చుట్టూ గెంతుతారు. కాలేజీలో చేరిన మొదటి నెలలో నా క్లాస్‌మేట్ ఒకడు నాది ఏ ఊరో తెలిశాక ఆ అరుపు అరిచి చూపించాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కాలియాకి జరిగిందే అది. లోపల ఏముందో తీసేసి, అరుపు ఒక్కటి ఉంచారు. కాలియాకి కనీసం మొదటి కొన్నేళ్ళు మనసు ఉంది. మనకి తెర మీద ఆ మొదటి ఏళ్ళు కూడా దొరకలేదు.

అందుకే నేను రాసిన కథ మీద నాకు కోపం వచ్చింది. అందులో జోగడని మన పిల్లాడు. బాణం గురి తప్పదు. చెట్టెక్కితే జారడు. అడవిలోకి వచ్చిన దొంగల్ని ఒక్కడే తరిమేస్తాడు. గ్రూపులో ముగ్గురికి పంపితే ముగ్గురూ సూపర్ అన్నారు. జోగడి పక్కన లచ్చడని ఇంకో పిల్లాడు ఉన్నాడు. వాడు భయస్థుడు, తిండిపోతు. మూడో సీన్లో వాగు దాటుతూ కాలు జారి పడతాడు, అందరూ నవ్వుతారు. రాసేటప్పుడు నాకూ నవ్వొచ్చింది. నల్లగా, బొద్దుగా వెయ్యమని బొమ్మలేసే తమ్ముడికి నేనే చెప్పాను. చూశారా. నా పేరుతో అంత ఏడ్చినోణ్ణి, కలం చేతికి రాగానే నేను చేసిన మొదటి పని ఇంకో కాలియాని తయారుచేయడం. అదీ మొదటి కథలోనే. వాళ్ళు చాలా ఏళ్ళు నడిపాక పడిన గుంటలో నేను మొదటి రోజే పడ్డాను.

మొన్న ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ కథ మా తమ్ముడికి చదివి వినిపించాను. నాన్న ఫోన్ పట్టుకుని గుట్ట మీదికి తీసుకెళ్ళాడు వాణ్ణి. జోగడు దొంగల్ని తరిమినచోట వాడు ఊ కొట్టాడు. అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"అన్నా, లచ్చడు తడిసిపోయాడు కదా. ఇంటికెట్టా పోయాడు?"

నా దగ్గర జవాబు లేదు. కథలో లచ్చడు వాగులో పడ్డాక మళ్ళీ కనిపించడు. వాణ్ణి వాగులోనే వదిలేశాను.

ఇప్పుడు ఆ సీన్ దగ్గర్నుంచి మళ్ళీ రాస్తున్నాను. దొంగల్ని తీసేశాను. జోగడు ఉంటాడు గానీ ఈసారి వాడి బాణం ఒకటి పోతుంది, అది అడిగి తెచ్చుకున్న బాణం. లచ్చడు తడిసిన బట్టలతో ఇంటికి వెళ్తున్నాడు, దారిలో ఎవరి ఇల్లు తగలాలో ఇంకా తేల్చుకోలేదు. బొమ్మలేసే తమ్ముడూ, లచ్చడి బొమ్మ ఇంకా వెయ్యకు, వేసి ఉంటే పక్కన పెట్టు. మిగిలినవాళ్ళు నాకో సాయం చెయ్యండి. చిన్నప్పుడు వాగులో పడి తడిసి ఇంటికెళ్తే మీ అమ్మ, మీ అవ్వ మొదట ఏమనేవాళ్ళు? మీ ఇంటి భాషలో ఎలా అనేవాళ్ళో అలాగే రాసి పంపండి. శనివారం లోపు అయితే మంచిది, ఆదివారం మళ్ళీ మా వాడికి ఫోన్ చెయ్యాలి.